పాయింటు పెట్టమన్నారు: బెంగళూరులో ఆరు రోజులు

2025 జనవరి 7, మంగళవారం. సర్జాపుర రోడ్డు

అమ్మాయి వాళ్లింట్లో మొదటి రాత్రి. తెల్లవారి నాలుగున్నరకే ట్యాంకరు రివర్సు గేరు కూతకు లేచి కూర్చున్నాను. బాల్కనీలోంచి చూస్తే గేటు దగ్గర మూడు ట్యాంకర్లు వరసగా నిలబడి ఉన్నాయి. మొదటిది సంపులోకి లావుపాటి పైపు దించి, ఇంజను ఆపకుండానే నీళ్లు ఒంపుతోంది. నిద్ర ఎలాగూ పోయింది కదా అని శాలువా కప్పుకుని కిందికి దిగాను.

వాచ్‌మన్ నా నడక చూసే కనిపెట్టాడు. "తెలుగా సార్? మాది మదనపల్లి కాడ" అన్నాడు. ఈ ఊళ్లో ఆరు రోజుల్లో ఆ ప్రశ్న కనీసం ఇరవైమంది అడిగి ఉంటారు. ఆటో ఎక్కినా, కొత్తిమీర కొన్నా, కన్నడంలో మొదలై మూడో మాటకి తెలుగులోకి దిగిపోవడమే. ట్యాంకర్ల లెక్క అతనే చెప్పాడు. ఇప్పుడు రోజుకు ఎనిమిది, పోయిన ఎండాకాలం పద్నాలుగు. 2024 మార్చిలో కరువు ముదిరినప్పుడు జిల్లా యంత్రాంగం 12,000 లీటర్ల ట్యాంకరుకు ఐదు కిలోమీటర్ల లోపైతే వెయ్యి రూపాయలు, పది లోపైతే 1,200 అని ధర కట్టింది. ఆ మాటంటే వాచ్‌మన్ నవ్వాడు. "అది పేపర్లో సార్. ఆ నెల మా గేటు కాడ వేరే రేటు."

నా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ముప్పై నాలుగేళ్లు భూగర్భజల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం అనంతపురం జిల్లాలోనే గడిచింది. ఆఫీసు కాగితాల్లో జియాలజిస్టును గానీ, ఊళ్లలో నా పేరు 'బోరు పాయింటు పెట్టే సారు', అంటే బోరు ఎక్కడ వెయ్యాలో చోటు చూపించేవాణ్ని. పెళ్లిళ్లకు పోయినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి చేను సర్వే నంబరు చెప్పేవాళ్లు. ఈసారి సంక్రాంతి ముందు మనవడితో నాలుగు రోజులుండి, అనపకాయలు తిని, పండక్కి ఇంటికి పోదామని వచ్చాం. కాఫీ గ్లాసు అందిస్తూ అల్లుడు అసలు విషయం బయటపెట్టాడు.

"మామా, ఆదివారం అసోసియేషన్ మీటింగుంది. మీరు వస్తున్నారని వాట్సాప్‌లో పెట్టేసినా. కొత్త బోరుకు ఒక్క పాయింటు..."

రెండెకరాల స్థలం. మూడు బోర్లు: 650 అడుగులు, 900, 1,180. మొదటి రెండూ ఎండిపోయాయి. మూడోది నలభై నిమిషాలు పోసి గాలి కక్కుతుంది. కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్లు, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం. వీళ్ల వీధిలో పైపు పడింది, కనెక్షను ఇంకా రాలేదు. ఈ ఎండాకాలం గడవాలంటే బోరే దిక్కని అందరి అభిప్రాయం.

"చూద్దాంలే నాయనా" అన్నాను. అది నేను ఉద్యోగంలో ఎక్కువసార్లు వాడిన మాట.

సాయంత్రం రోడ్డు పక్క గోనెసంచుల్లో అనపకాయలు. ఇక్కడివాళ్లు అవరేకాయి అంటారు. చలిమంచు పడితే కాయకు నూనె వాసన పడుతుంది, ఆ జిడ్డు చేతికి అంటకపోతే కాయ కొనకూడదని మా ఆవిడ సిద్ధాంతం. కిలో ఎనభై చెప్పాడు, డెబ్బైకి తెగింది, మూడు కిలోలు తీసుకున్నాం. రాత్రి గింజలు నానబెట్టి పొద్దున్నే ఇంటిల్లిపాదీ కూర్చుని పితకడం. ఒక్కొక్క గింజ పితికితే పప్పు ఎగిరి గిన్నెలో పడాలి. మనవడివి సగం గోడకు తగిలాయి.

జనవరి 8, బుధవారం. గాంధీబజారు, లాల్‌బాగ్

మనవడికి బడి సెలవు. వాడినీ అమ్మాయినీ తీసుకుని గాంధీబజారు విద్యార్థి భవన్‌కు పోయాం. 1943 నుంచి ఉన్న హోటలు. బయట పేరు రాయించుకుని నలభై నిమిషాలు నిలబడాలి, ఎవరూ విసుక్కోరు. లోపల వడ్డించే ఆయన ఒక్క చేతి మీద దోసె పళ్లేలు భుజం దాకా పేర్చుకొస్తుంటే మనవడు నోరు తెరిచి చూశాడు. దోసె బయట కరకర, లోపల మెత్తన. పల్చటి చట్నీ చెంబుతో పోస్తారు, వద్దంటే తప్ప ఆపరు. కాఫీ మాత్రం రోడ్డు మీద దర్శిని అనే చిన్న హోటల్లో నిలబడి 'బై టూ' చెప్పుకున్నాం. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసివ్వడం ఈ ఊరి మర్యాద, పిసినారితనం అనుకోరు. ఇరవై రూపాయలు.

లాల్‌బాగ్‌కు జనం పూలకోసం వస్తారు. నేను బండ కోసం వస్తాను, ఇది ఐదోసారి. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట కంటే, పైన కెంపేగౌడ గోపురం కంటే, ఆ గోపురాన్ని మోస్తున్న బండ పెద్దది అన్ని విధాలా. వయసు మూడు వందల కోట్ల సంవత్సరాలు. 1916లో మైసూరు జియాలజీ శాఖకు చెందిన స్మీత్ ఈ జాతి శిలకు 'పెనిన్సులార్ నైస్' అని పేరుపెట్టాడు. బోర్డు మీద రాసి ఉంది, దాని ముందే నిలబడి జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు.

మనవణ్ని బండ మీద కూర్చోబెట్టి తెల్ల చార, నల్ల చార చూపించాను. "దీంట్లో నీళ్లుంటాయా తాతా?" అన్నాడు. చేతిలోని సీసాలోంచి కొంచెం ఒంపమన్నాను. నీళ్లు ఒక్క చుక్క ఇంకకుండా జారి, అడుగు దూరంలో సన్నటి పగులులో పడి మాయమయ్యాయి. ఆ పగులు పొడుగునా గడ్డి మొలిచి ఉంది. నేను ముప్పై నాలుగేళ్లు చేసిన పని అంతా ఆ గడ్డిగీత కోసమే. కాకపోతే అది నేల కింద ఉంటుంది, కనబడదు.

వెతికే పద్ధతి మాటల్లో చెబితే తేలికే. నాలుగు ఇనుప కడ్డీలు ఒకే గీతలో నేలలోకి కొట్టాలి. బయటి రెండింటికీ కరెంటు ఇవ్వాలి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూడాలి. బయటి కడ్డీల్ని దూరం జరిపేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. నీళ్లు పట్టిన గరుసు పొర నిరోధకత, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పదుల్లో ఉంటుంది, గట్టి బండది వేలల్లోకి పోతుంది. ఆ అంకెలతో గ్రాఫు గీస్తాం, మధ్యలో ఎక్కడైనా గీత వంగితే పగులు ఉండవచ్చు. 'ఉండవచ్చు' అన్న మాటకే మాకు జీతం. 1998లో కదిరి దగ్గర ఒక చేనులో గీత ముద్దుగా వంగింది. పాయింటు పెట్టాను. 240 అడుగుల దాకా దుమ్మే. అది ఆ రైతుకు నాలుగో బోరు. రిగ్గు పోయాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఎండలో వచ్చినావు అని మజ్జిగ ఇచ్చాడు. లాల్‌బాగ్ బండ ఎక్కినప్పుడల్లా ఆ మజ్జిగ గుర్తొస్తుంది, ఎందుకో తెలీదు. బండ ఒకటే కావడం వల్ల కావచ్చు, అక్కడా ఇక్కడా.

రాత్రి పితికిపప్పు కూర, రాగిసంకటి. ఇక్కడ ముద్దె అంటారు. మనవడు నమిలి తింటున్నాడు. మింగాలిరా అని చూపించబోతే అమ్మాయి కోప్పడింది.

జనవరి 9, గురువారం. ఒక భోవిపాళ్యం, ఇంకో భోవిపాళ్యం

బెంగళూరులో బావులు తవ్వే మన్ను వడ్డర్ల గురించి ఉద్యోగంలో ఉన్నప్పుడే విన్నాను. మన వడ్డెరల వంటివాళ్లే, మట్టిపని కులవృత్తి. సర్జాపుర దగ్గర భోవిపాళ్యంలో చాలా కుటుంబాలున్నాయనీ, బయోమ్ అనే సంస్థ మొదలుపెట్టిన 'పది లక్షల బావులు' ప్రయత్నంతో వాళ్లకు మళ్లీ పని దొరుకుతోందనీ తెలుసు. ఇంతకాలం చూడలేదు. ఫోన్లో భోవిపాళ్య అని కొట్టి క్యాబ్ ఎక్కాను. డ్రైవరు సర్జాపురకు ఎదురు దిక్కుకు తిప్పాడు. ఫోను చెప్పిందే నిజమనుకుని ఊరుకున్నాను. గంటా యాభై నిమిషాల తర్వాత మహాలక్ష్మి లేఔట్‌లో దించాడు. 860 రూపాయలు.

అక్కడా భోవిపాళ్యం ఉంది. మూడంతస్తుల ఇళ్లు, ఒక జిమ్, రెండు బేకరీలు. అరుగు మీద కొత్తిమీర ఏరుతున్న ముసలావిణ్ని అడిగాను. కన్నడంలో మొదలుపెట్టి నా ముఖం చూసి తెలుగులోకి మారింది. "బాయి తవ్వేటోళ్లా? ఈడ ఇప్పుడు ఎవురు తవ్వుతారు సామీ. అది సర్జాపుర కాడి భోవిపాళ్యం. నువ్వు యాడ్నుంచి వచ్చినావు?" సర్జాపుర రోడ్డు నుంచేనని చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాను. ఆవిడ నవ్వు ఆగలేదు, లోపలికి పోయి నీళ్లు తెచ్చిచ్చింది.

తిరుగు ప్రయాణం మెట్రోలో మెజెస్టిక్ దాకా, అక్కణ్నుంచి బస్సు. ఈ మెజెస్టిక్ బస్టాండు ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. ఇక్కడికి కొంచెం దూరంలో కంఠీరవ స్టేడియం, అది సంపంగి చెరువు. వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయని జనం తిట్టుకుంటారు. నీళ్లకు తమ పాత చిరునామా గుర్తుంటుంది, ఏం చేస్తాం.

రెండున్నరకు అసలు ఊరు చేరాను. గుడి దగ్గర కూర్చున్న నలుగుర్లో పెద్దాయన, డెబ్బై దగ్గర వయసు, అరచేతులు గడ్డపార పిడిలా ఉన్నాయి. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటున్నది తెలుగే. కన్నడం కలిసింది, యాస ఏదో వేరు, అయినా ప్రతి మాటా తెలుస్తోంది. నేను అనంతపురం అనగానే జరిగి చోటిచ్చాడు. "మా మాట మీకు తెలుస్తాదా?" అన్నాడు. మా తాత ఇలాగే మాట్లాడేవాడని చెప్పాను, అబద్ధం కాదు.

"బోరు బండ్లు వచ్చినాక మా బాయిపని పోయింది" అని మొదలుపెట్టాడు. ఆ మధ్య కాలమంతా పునాదులు తీశారు, కేబులు గుంతలు తవ్వారు. 2009లో నగరంలో వాననీటి సేకరణ తప్పనిసరి చేశాక, ఆ తర్వాత ఇంకుడు బావుల మీద జనానికి నమ్మకం కుదిరాక పిలుపులు మళ్లీ మొదలయ్యాయట. ఆయన కొడుకుకు ఇప్పుడు రెండు ముఠాలున్నాయి. ఒక ముఠా కిలోమీటరు దూరంలో పని చేస్తోందంటే, స్కూటరు వెనక ఎక్కించుకుని తీసుకుపోయాడు. ఆయన నడిపాడు, నేను కళ్లు మూసుకున్నాను.

మూడడుగుల వెడల్పు గుంత. పదిహేడు అడుగులు దిగింది. లోపల ఒకడు, పైన ముగ్గురు. లోపలివాడు పొట్టి పిడి గడ్డపారతో చుట్టూ చెక్కుకుంటూ దిగుతాడు. కాలు పెట్టుకోవడానికి గోడలోనే గూళ్లు. మట్టి బకెట్టు తాడు మీద పైకి వస్తుంది, ఖాళీది పోతుంది, ఎవరూ అరవరు. పాత బావిలోకి దిగాల్సి వస్తే ముందు దీపం దించి చూస్తారు, ఆరిపోతే మనిషి దిగడు. తవ్వడం అయ్యాక సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దించుతారు. ఒరల మధ్య సిమెంటు పూయరు, నీళ్లు ఆ సందుల్లోంచే పోవాలి. ఒరకూ మట్టికీ మధ్య కంకర పోస్తారు. ఇరవై అడుగుల ఇంకుడు బావికి అంతా కలిపి ముప్పై ఐదు వేలు తీసుకుంటున్నామన్నాడు. వారంలోపు పని.

నేను గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి చూశాను. పైన మూడడుగులు ఎర్రమన్ను. తర్వాత గరుసు. దాని కింద తెల్లగా పసుపుగా కలిసిన మెత్తటి రాయి. చూస్తే రాయే, లాల్‌బాగ్ బండ మీద చూసిన తెల్ల చార, నల్ల చార అలాగే ఉన్నాయి. గోటితో గీరితే మాత్రం రాలిపోతుంది. కోట్ల ఏళ్లు వాననీళ్లు నానబెట్టి నానబెట్టి కుళ్లబెట్టిన బండ. పెద్దాయన ఒక పెళ్ల పైకి తెప్పించి నా చేతిలో పెట్టాడు. చల్లగా, తడిగా ఉంది. "ఇంకో ఐదడుగులకు ఊట" అన్నాడు. "ఎట్లా తెలుస్తుంది?" అంటే నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసి పెళ్లను నా చేతిలోనే పిండాడు.

ఇక్కడ నేను కొంచెం ఆగాలి. బండప్రాంతంలో నీళ్లకు గిడ్డంగి ఈ మెత్తటి పొరే. కింద గట్టి బండలో ఉన్న పగుళ్లు పైపుల్లాంటివి, వాటిలో నిలవ ఉండేది చాలా తక్కువ. పాఠాల్లో చదివాను, శిక్షణ తరగతుల్లో నేనే చెప్పాను. కానీ బోరు వేసేటప్పుడు ఏం చేస్తాం? ఈ పొర కూలిపోతుందని, మట్టి పడుతుందని, గట్టి బండ తగిలేదాకా కేసింగ్ పైపు దించి మూసేస్తాం. నలభై అడుగుల గిడ్డంగికి తాళం వేసి, కింద వెయ్యి అడుగులు పైపుల్ని వెతుక్కుంటాం. నా రిపోర్టుల్లో ఈ పొరకు ఒక్కటే గడి ఉండేది: 'కేసింగ్ ఎన్ని అడుగులు'. అంకె రాసి కిందికి పోయేవాణ్ని. ఎన్ని వందల రిపోర్టులో.

ఆ పెళ్ల కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాను. మా ఆవిడ ఉతికేటప్పుడు చూసి ఏమందో రాయను.

జనవరి 10, శుక్రవారం. వైకుంఠ ఏకాదశి, కబ్బన్ పార్కు

తెల్లవారి మూడింటికే మా ఆవిడా అమ్మాయీ గుడికి పోయారు. ఉత్తరద్వార దర్శనానికి నాలుగు గంటల క్యూ అని ఫోను చేస్తే నేను మెల్లగా కబ్బన్ పార్కుకు జారుకున్నాను. 1870 నాటి తోట. ఇందులో ఏడు పాత బావులు పూడిపోయి ఉంటే, ఆ మన్ను వడ్డర్లే పూడిక తీశారు. నీళ్లు వచ్చాయి, ఆ నీళ్లతోనే మొక్కలు పెంచుతున్నారు. కొత్తగా ఇంకుడు బావులూ తవ్వారు. ఊరి నడిబొడ్డున, హైకోర్టు పక్కన, చేతికి అందే లోతులో నీళ్లు. ఇనుప జాలీలోంచి తొంగిచూస్తుంటే తోటమాలి వచ్చి ఏం పడేసుకున్నారని అడిగాడు.

గుడి నుంచి పులిహోర, చక్కెర పొంగలి వచ్చాయి. ఉపవాసం నాది కాదు.

జనవరి 11, శనివారం. కోలారు దారిలో నరసాపుర

అల్లుడికి సెలవు. కారులో గంటన్నర. కోలారు జిల్లాలో తెలుగు వినడానికి చెవి పెట్టక్కర్లేదు, టీ బంకు నుంచి టమాటా మండీ దాకా అదే. నేను చూడాలనుకున్నది నరసాపుర చెరువు. బెంగళూరు మురుగునీటిని కోరమంగళ, చల్లఘట్ట లోయల్లోని ప్లాంట్లలో శుద్ధి చేసి, కోలారు వైపు చెరువులకు పంపు చేస్తున్నారు. 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువుతో మొదలైంది. పథకం మీద రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు. ఈ ఊరు కావేరి నీటిని వంద కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు తోడుకుని, వాడి, మిగిలింది ఇటు పంపుతోందన్నమాట.

చెరువు నిండుగా ఉంది. కట్ట కింద టమాటా. ఒక రైతు మోటారు గది నీడలో భోంచేస్తూ మమ్మల్ని కూడా కూర్చోమన్నాడు. ముద్దె, పితికిపప్పు సారు. ఇంట్లో రెండు పూటలా అదే తిని వచ్చామని అల్లుడు గొణుగుతున్నా నేను చెయ్యి కడుక్కున్నాను. ఆయన సారు వేరు, కారం నసాళానికంటింది.

"మా నాయన కాలంలో ఈ బాయిలో ఈత కొట్టేవాళ్లం. మధ్యలో ఇరవై ఏండ్లు చెత్త వేసినాము. పద్నాలుగు వందల అడుగులు వేసినాను సార్, రెండు బోర్లు, రెండూ పాయె." ఇప్పుడా బావిలో పాతిక అడుగులకు నీళ్లు కనిపిస్తున్నాయి. చెరువులో నిలిచిన నీరు పై పొరలోకి ఇంకి బావిలోకి వచ్చింది. బోరు కేసింగుకు అవతల ఏముందో ఈ బావి గోడల మీద తడి గీత చూపిస్తోంది.

సంతోషం ఒక్కటే రాస్తే ఉద్యోగానికి ద్రోహం. ఆ నీటికి రెండో స్థాయి శుద్ధే చేస్తున్నారు, మూడోది కూడా చెయ్యాలని జిల్లాలో మొదటినుంచీ గొడవ. మొదటి ఏడాదే నురగ వచ్చింది, వ్యవహారం హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ పోయింది. నా సంచిలో ఎప్పుడూ ఉండే మీటరు బావినీళ్లలో ముంచాను. చూపిన అంకె టమాటాకు పరవాలేదు. అది లవణాల లెక్క మాత్రమే, నైట్రేటు, లోహాల సంగతి అది చెప్పదు. "తాగుతారా?" అని రైతును అడిగాను. తల అడ్డంగా ఊపాడు. తాగడానికి క్యాన్లు కొంటున్నారు. లోతు బోర్ల కాలంలోనూ కొన్నారు, అప్పుడు ఫ్లోరైడు. బండలో ఎక్కువకాలం నిలిచిన నీళ్లు ఫ్లోరైడును కరిగించుకుంటాయి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకూ ఎముకలకూ చేటు. అనంతపురంలో నేను చూసిన వంకర కాళ్లు ఇక్కడి ఊళ్లకూ కొత్తవి కావు. ఏ ముప్పు ఎక్కువ, ఏది తక్కువ అని ఆయన అడిగితే నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేకపోయింది.

వస్తూ ఆరు కిలోల టమాటాలు డిక్కీలో పెట్టాడు. డబ్బులు ఇవ్వబోతే నొచ్చుకున్నాడు. ఆయన మనవరాలి చేతిలో వంద పెట్టి బయటపడ్డాం.

జనవరి 12, ఆదివారం. అసోసియేషన్ మీటింగు

నేను పిలిస్తే పెద్దాయన పొద్దున్నే వచ్చాడు. కాంపౌండంతా ఒక చుట్టు తిరిగాడు. వాచ్‌మన్‌ను ఒక్కటే ప్రశ్న అడిగాడు, వాన పడితే నీళ్లు యాడ నిలుస్తాయని. జనరేటరు గది వెనక ఒక మేడిచెట్టు ఉంది, బిల్డరు ఎందుకో కొట్టకుండా వదిలేశాడు. దాని పక్కన కాలితో గీత గీశాడు. నేనూ మొదటిరోజు పొద్దున ట్యాంకర్లు చూడటానికి దిగినప్పుడే ఆ చెట్టును గుర్తుపెట్టుకున్నాను. చెట్లూ పుట్టలూ చూసి నీటి జాడ చెప్పడం వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలోనే రాశాడు. మేం దాన్ని సర్వే రిపోర్టులో రాస్తే పై ఆఫీసరు ఎర్ర గీత గీసేవాడు.

పదింటికి క్లబ్‌హౌస్‌లో ముప్పైమంది. కోశాధికారి ఒక కొబ్బరికాయ ఆయన్ని కూడా పిలిపించాడు, ఫీజు మూడు వేలు. అరచేతిలో పీచుతో ఉన్న కాయ పడుకోబెట్టుకుని నడుస్తాడు, నీళ్లున్నచోట కాయ లేచి నిలబడుతుంది. అది పిల్లల ఉయ్యాల పక్కన లేచింది. కింద కావేరి పాయ పోతోందని ప్రకటించాడు. కావేరి ఇక్కడికి దక్షిణంగా వంద కిలోమీటర్లు. నేను నోరు మెదపలేదు. మా రంగంలోవాడు పెట్టిన పాయింట్లూ పోతాయి కదా, కదిరి మజ్జిగ తాగినవాణ్ని.

నా వంతు వచ్చినప్పుడు లెక్క చెప్పాను. ఎకరం నేల, కింద పది మీటర్ల మందం మెత్తటి పొర. అందులో తోడుకోగలిగింది నూటికి రెండు పాళ్లే అనుకుందాం. అయినా ఎనిమిది లక్షల లీటర్లు. మీవి రెండెకరాలు, పదహారు లక్షలు, మీ భాషలో 130 ట్యాంకర్లకు పైన. అది నిండాలంటే వాన ఇంకాలి. ఇక్కడ ఏడాదికి 970 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 90 వేల లీటర్లు. మీ డాబా నీళ్లన్నీ ఇప్పుడు రోడ్డు కాలవలోకి పోతున్నాయి. నాలుగు ఇంకుడు బావులు తవ్వండి, లక్షా నలభై వేలు. చెట్టు కాడ ఒక తోడుకునే బావి తవ్వి చూడండి. ఆ నీళ్లు పరీక్ష చేయించి తోటకూ ఫ్లష్‌లకూ వాడండి. బోరు పాయింటు మాత్రం నేను పెట్టను. 2024లో ఈ నగరంలో ప్రభుత్వ బోర్లు 13,900 ఉంటే 6,900 ఎండాయని ఉపముఖ్యమంత్రే చెప్పారు.

"అంకుల్, ఈ మార్చిలో స్నానానికి నీళ్లు వస్తాయా దీంతో?" అని ఒకావిడ అడిగింది. చేతిలో పసిబిడ్డ. రావు అన్నాను. వాన పడాలి, ఒకటి రెండేళ్లు పడుతుంది. "మరి ఈ మార్చికి?" అంది. సరైన ప్రశ్న. పెద్దాయన తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు.

చేతులెత్తించారు. కొత్త బోరుకు పందొమ్మిది, వద్దనేవాళ్లు ఎనిమిది. మోటారుతో కలిపి ఐదున్నర లక్షలు మంజూరు. ఇంకుడు బావుల సంగతి వానాకాలం ముందు చూద్దామని మినిట్స్‌లో రాసుకున్నారు. అల్లుడు కూడా బోరుకే చెయ్యెత్తాడు, నాకు కనబడదనుకుని. కొబ్బరికాయ ఆయనకు ఫీజు అక్కడికక్కడే ఫోన్లో పోయింది. పెద్దాయన రాకపోకలకు నేను ఐదొందలు ఇవ్వబోతే తీసుకోలేదు, బస్సు చార్జీ యాభై తీసుకున్నాడు. "మల్లా పిలుస్తారు లెండి సార్. అందురూ రెండోసారే పిలుస్తారు" అన్నాడు.

జనవరి 25. ఇంట్లో

భోగి పొద్దున ఇల్లు చేరాం. ఆరు రోజుల్లో నా చేతి ఖర్చు 4,300, అందులో తప్పు భోవిపాళ్యానిది ఐదో వంతు.

మొన్న అల్లుడు వీడియో పంపాడు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు రిగ్గు, నంబరు పలక మీద టీఎన్ 34. రాత్రి పదకొండుకు వచ్చిందట, తెల్లారేసరికి 1,160 అడుగులు. ఉయ్యాల పక్కన బూడిదరంగు బురద ఎగజిమ్ముతోంది, చుట్టూ నైటీల మీద స్వెట్టర్లు, సెల్‌ఫోన్ల వెలుగులు. కోశాధికారి రిగ్గుకు దండ వేశాడు. ఇంచీన్నర నీళ్లు. 'మామా, పడినాయి' అని కింద రాశాడు, పక్కన రెండు నవ్వు బొమ్మలు. పసిబిడ్డ తల్లి కూడా ఒక మూల కనబడింది.

మంచిది నాయనా అని జవాబిచ్చాను. తర్వాత వీడియో మొదటికి జరిపి కేసింగ్ పైపులు దించే చోట ఆపి లెక్కపెట్టాను. ఇరవై అడుగులవి, మూడు.